వెనుక వరుసవాడు: శ్రీ సయ్యద్ నయీముద్దీన్
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై కవులను గూర్చియు, నటులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు ప్రసంగించుట వాడుక. నేడు కార్యదర్శిగారి అనుమతితో ఒక ఫుట్‌బాలు ఆటగానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అదియును గోలులు కొట్టి పేరు పొందిన వానిని గూర్చి కాదు. గోలులు పడకుండ కాచిన వానిని గూర్చి.

మనము సర్కారు కొలువువారము. ఫైలు దారి తప్పకుండ కాచిన గుమాస్తా పేరు ఏ గెజెట్టులోను అచ్చుకాదు. అది దారి తప్పిననాడు మాత్రము సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చును. ఆటలో బ్యాకు స్థానమున నిలుచువాని గతియు ఇంతే. పడిన గోలుకు లెక్క కలదు. పడవలసియుండి పడని గోలును ఎవరు లెక్కింతురు?

ఈ ఢిల్లీ నగరమునకే ఒక ఉదాహరణము కలదు. 1951 మార్చి నెలలో ఇండియా గేటు చెంతనున్న నేషనల్ స్టేడియములో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. ఇరాను జట్టును ఒక్క గోలుతో ఓడించి మన దేశము ఫుట్‌బాలులో స్వర్ణపతకము గెలిచెను. ఆ గోలు చేసిన మేవాలాల్ పేరు నేటికిని చెప్పుకొందురు. ఇండోనేషియా, ఆఫ్ఘనిస్తాను, ఇరానులతో ఆడిన మూడు ఆటలలోను మనపై ఒక్క గోలైనను పడలేదన్న మాట చెప్పుకొనువారు తక్కువ. జట్టు నాయకుడు శైలేన్ మన్నా స్వయముగా బ్యాకు. శిక్షకుడు మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీంగారు పంతులే గాని ఆటను ఆయనవలె చదివినవారు అరుదు. ఎడమకాలు బలహీనమైనవాడు ఎడమకాలితోనే ఆడవలెనని పందెములు పెట్టెడివారు. బంతిని కాలి చెంత నుంచుకొని వినోదము చేయరాదు, అందిన వెంటనే తోడివానికి ఇయ్యవలెనని మరికొన్ని పందెములు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆనాడు ఢిల్లీలో జరిగెడి డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరములలోను, పిదప ఆంధ్ర పోలీసు పేరుతో 1961లోను తీసికొనిపోయినది. ఆ జట్టు బ్యాకు అజీజుద్దీన్ 1952 హెల్సింకీ ఒలింపిక్ జట్టులోను, నాలుగవ స్థానము పొందిన 1956 మెల్‌బోర్న్ జట్టులోను ఉన్నవాడు. హెల్సింకీలో మనవారు పలువురు బూట్లు లేకయే ఆడి, యుగోస్లావియా చేతిలో పదిగోలులు తినిరి. ఆ పరాభవము తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. పాదరక్షలకొరకు పది గోలులు చెల్లించుట కొంచెము హెచ్చు ధరయే!

ఇట్టి వెనుక వరుసకు వారసుడై వచ్చినవాడు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాదున జనించెను. రహీంగారు 1963 జూనులో కన్నుమూయునాటికి నయీం ఇంకను ఇరువది ఏండ్లు నిండని యువకుడు. ఆయన ఆట వికసించినది ఆ పోలీసు జట్టులోనే. ఆ కాలమున ఆటయే వృత్తియని చెప్పుకొనుటకు వీలులేదు. పోలీసు శాఖ ఉద్యోగమిచ్చును, జీతమిచ్చును. ఆటగాడు ఉదయము మైదానములో చెమటోడ్చును. పెద్ద సంసారములు గల ఇండ్లకు ఆ జీతపురాళ్లే ఆధారము. హైదరాబాదు ఫుట్‌బాలు వైభవమునకు పునాది ఈ కొలువులేనని నా అభిప్రాయము.

అయితే కలకత్తా సంఘములు పిలిచినపుడు నిలుచువారెవరు? అచట లక్ష కన్నులు చూచును, చేతిలో నాలుగు డబ్బులు ఆడును. నయీముద్దీన్ కూడ వెళ్లెను. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికిని ఆడెను. ఆ మూడు సంఘముల అభిమానుల నడుమ గల వైరమును ఎరిగినవారికి, మూడుచోట్లను మన్నన పొందుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

1970 డిసెంబరులో బ్యాంకాకు ఆసియా క్రీడలకు ఆయనయే భారత జట్టు నాయకుడు. సెమీఫైనలులో బర్మా చేతిలో ఓడినను, మూడవ స్థానపు ఆటలో జపానును 1–0 గా గెలిచి కాంస్యపతకము తెచ్చిరి. ఒక్క గోలు ఆధిక్యమును కడవరకు నిలుపుకొనుట బ్యాకుల పని. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలున మన దేశమునకు వచ్చిన పతకములలో అదియే కడపటిది. ఆ యేటి అర్జున పురస్కారము ఆయనకు లభించెను.

ఇచట ఒక విచారము చెప్పక తప్పదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆ పిమ్మట ఆ కప్పు మనవైపు రాలేదు. రహీంగారు పోయినారు, మేటి ఆటగాండ్రు కలకత్తాకు పోయినారు, పిల్లలు క్రికెట్టువైపు పోయినారు. 2022లో హైదరాబాదు ఎఫ్.సి. దేశపు పెద్ద లీగులో కప్పు గెలిచినపుడు పాతవారి కన్నులు మెరసినవి. ఆ సంఘమే 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలివచ్చినది! డ్యూరాండ్ కప్పు మాత్రము 2019లో ఢిల్లీ విడిచి కలకత్తా చేరినది. ఢిల్లీ గేటువద్ద అంబేద్కర్ స్టేడియము మెట్లపై చలికాలపు ఎండలో కూర్చుండి మనవారి జట్టుకు కేకలు వేసిన పెద్దలు ఈ సభలో ఉన్నయెడల, ఆ ముచ్చటలు ఇంటి పిల్లలకు వినిపింపవలెనని నా ప్రార్థన.

నయీముద్దీన్ ఆట మానినను మైదానము మానలేదు. శిక్షకుడై క్రమశిక్షణకు పేరు పొందెను. కఠినుడని గొణిగినవారు లేకపోలేదు. ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ 1990లో ఐ.ఎఫ్.ఏ. షీల్డు, రోవర్స్, డ్యూరాండ్ కప్పులు మూడింటిని ఒకే యేట గెలిచినది. ఆ యేడే ద్రోణాచార్య పురస్కారము వచ్చినది. అర్జునుడైన ఇరువదియేండ్లకు ద్రోణుడైనాడన్నమాట. భారతము చదివినవారికి ఈ వరుస వింతగా తోచును. 1997లో ఖాట్మండులో మాల్దీవులను ఓడించి దక్షిణాసియా కప్పు గెలిచిన భారత జట్టుకును ఆయనయే శిక్షకుడు.