తల్లీబిడ్డల ఆరోగ్యం - పెద్దల కర్తవ్యం

(సంఘ సమావేశంలో వైద్య ఆరోగ్యశాఖ విశ్రాంత ఉద్యోగిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో కర్నూలు, కడప పల్లెల్లో చాలా కాన్పులు ఇంట్లో మంత్రసాని చేతుల మీదే జరిగేవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2004-06లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోగా, 2018-20లో నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. 2005లో మొదలైన జననీ సురక్ష యోజన, 108 అంబులెన్సు, ఆ తర్వాత ఆశా కార్యకర్తలు ఇందుకు ఎంతో తోడ్పడ్డారు.

అయితే, గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నదని కూడా ఆ సర్వేయే తేల్చింది. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావమైనా ప్రాణాపాయం కావచ్చు. బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు.

మన సీమలో దీనికి వలస కూడా తోడవుతుంది. వానలు లేక కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు, పత్తి తీయడానికి పోతాయి. ఇంటికి తాళం పడితే అంగన్‌వాడీ గుడ్డు, పాలు, ఏ.ఎన్.ఎం. పరీక్ష, బిడ్డ టీకా అన్నీ ఆగిపోతాయి. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంటే పోయిన ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలోనూ పరీక్షలు, టీకాలు ఉచితంగా కొనసాగించుకోవచ్చు.

మన ఇంట్లో, వీధిలో, మన ఇంటికి పనికి వచ్చే మనిషి ఇంట్లో గర్భిణి ఉంటే మూడు మాటలు అడుగుదాం. కార్డు ఉందా? రక్త పరీక్ష అయిందా? 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఇనుము మాత్ర రోజూ వేసుకుంటున్నదా? నాలుగో నెల నుండి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. టీతో, పాలతో వేసుకోరాదు. విరేచనం నల్లగా అయితే భయపడనక్కరలేదు. బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మాత్రలు మాన్పించేది తరచుగా ఇంట్లోని పెద్దవాళ్ళే. అత్తగారు 'వేసుకో తల్లీ' అంటే కోడలు కాదనదు. ముర్రుపాలు పిండి పారబోయనీయవద్దు. ఆరు నెలలు నిండాక రాగి సంగటి పప్పుతో మెత్తగా కలిపి పెట్టించండి.

1956 నాటి కర్నూలు వైద్య కళాశాల, 2006 నాటి కడప రిమ్స్ మనకు అండగా ఉన్నాయి. కానీ ఆసుపత్రి చూసుకునేది కాన్పు నాలుగు రోజులే. తొమ్మిది నెలలూ కనిపెట్టుకోవలసింది ఇంట్లోని పెద్దలు. మనకిప్పుడు తీరిక ఉంది, నలుగురిలో మాట చెల్లుబాటు ఉంది. వాటిని ఈ పనికి వినియోగిద్దాం.