కరెంటు పోయినా నిలిచే దారి

(ఒర్లియంపేటలో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను సిగ్నల్స్ వాణ్ణి, చదివింది ఇంటర్మీడియట్. అందుకని లెక్కల జోలికి పోను, పని ఎలా జరుగుతుందో చెబుతాను.

యానాం తమ్ముళ్లు కొందరు వచ్చారు. ఇక్కణ్ణుంచి మీ ఇంటికి ఫోన్ చేస్తే మాట చాలా దూరం గాజు తీగలో వెలుగుగా పోతుంది. రోడ్డున ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు గనుక ఆ దూరానికి నాలుగైదు మిల్లీసెకన్లు చాలు.

దారిలో ఎవరో జేసీబీతో కాలువ తవ్వి కేబుల్ తెంపేస్తారు. అప్పుడు వెలుగును రెండో దారికి మళ్లించాలి. తప్పు కనిపెట్టాక 50 మిల్లీసెకన్లలో ఆ పని అయిపోవాలని టెలికం వాళ్ల పాత లెక్క. ఆ పని చేసేవాటిలో ఒకటి ఆప్టికల్ స్విచ్. లోపల సిలికాన్ మీద చెక్కిన అద్దం ఆవగింజ కన్నా చిన్నది. ఫైబర్‌లో వెలుగు నడిచే భాగం సుమారు 9 మైక్రాన్లే. అద్దం రవ్వంత తప్పు వాలినా వెలుగు బయటే పోతుంది.

అద్దాన్ని వోల్టేజీతో లాగవచ్చు, దానికి తరచు పదుల వోల్టులు కావాలి. అయస్కాంతంతోనూ లాగవచ్చు. అద్దానికి నికెల్, ఇనుము కలిసిన పలుచని పూత వేస్తారు, పక్కన తీగచుట్ట పెడతారు. చుట్టలో క్షణం కరెంటు పంపితే అద్దం వాలుతుంది. చిన్న శాశ్వత అయస్కాంతం తోడుంటే, కరెంటు తీసేసినా అక్కడే నిలుస్తుంది. పాత మ్యాగ్నెటో ఎక్స్ఛేంజి మీద కూర్చున్నవాళ్లకిది కొత్త కాదు. అవతలివాడు హ్యాండిల్ తిప్పితే మన బోర్డు మీద షట్టర్ టక్కున పడేది, మనం ఎత్తేదాకా అలాగే ఉండేది.

దీని విలువ కొండ మీద తెలుస్తుంది. జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది, బ్యాటరీ దిగిపోయింది. మన పరికరం ఆగితే ఆగనీ, మన మీదుగా ముందు పోస్టుకు వెళ్లే వెలుగు ఆగకూడదు. అద్దం పక్కదారి వైపు నిలిచి ఉంటే, దూరం మరీ ఎక్కువ కానంతవరకు ఆ పోస్టుకు మాట అందుతుంది. అక్కడ ఉన్నవాడికి అదొక్కటే ఆధారం కావచ్చు.

అన్నిచోట్లా అయస్కాంతమే మేలనను. చుట్ట వేడెక్కుతుంది, పక్కపక్కన వందలు పెడితే ఒకదాన్నొకటి లాగుతాయి. లూసెంట్ కంపెనీ 1999లో ప్రకటించిన 256 అద్దాల లాంబ్డారౌటర్, గూగుల్ 2022లో వివరించిన 136 దారుల స్విచ్, రెండూ వోల్టేజీ రకమే. రెండు దారుల చిన్న పెట్టెకు మాత్రం నా ఓటు అయస్కాంతానికే.

పింఛను తీసుకుని టెలికం ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్లకు ఒక మాట. పెట్టె మీద లాచింగ్ అని ఉందో, నాన్ లాచింగ్ అని ఉందో చూడండి. నాన్ లాచింగ్ అయితే కరెంటు పోగానే అద్దం మొదటి దారికే వచ్చేస్తుంది. ఆ మొదటి దారి ఏదో ముందే లాగ్ బుక్కులో రాసిపెట్టండి. జై హింద్.