మన గుర్దాలు - వాటి పని, మన బాధ్యత

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను డాక్టర్ని కాను. ఉర్దూ మీడియం బడిలో సైన్సు పాఠం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. శరీరంలో ఎన్నో వ్యవస్థలు పనిచేస్తున్నవి. అన్నిటి గురించీ చెప్పాలంటే తెల్లవారిపోతుంది. పైగా చాలా అవయవాలు తమ సంగతి తామే చెప్పుకుంటాయి. కడుపు ఖాళీ అయితే అరుస్తుంది. గుండె దడదడలాడుతుంది. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్రపోనివ్వదు. కాని నోరెత్తకుండా చాకిరీ చేసే అవయవాలు రెండున్నవి. అవే మూత్రపిండాలు. మన ఇళ్ళలో గుర్దాలు అంటాం. ధైర్యం గల మనిషిని "దిల్ గుర్దేవాలా" అంటాం కదా! ధైర్యానికి గుండె సరసన పేరు పొందిన ఈ అవయవం గురించి మనకు తెలిసింది బహు తక్కువ.

ముందుగా అవి ఎక్కడున్నవో చూద్దాం. వీపు వైపు, పక్కటెముకల కిందిభాగంలో, వెన్నెముకకు అటొకటి ఇటొకటి. ఒక్కొక్కటి మన పిడికిలి అంత. బరువు సుమారు 150 గ్రాములు. ఇంత చిన్న అవయవాలకు గుండె పంపే రక్తంలో దాదాపు అయిదోవంతు వెళుతుంది, అనగా నిమిషానికి ఒక లీటరుకు పైగా. ఒక్కొక్క గుర్దాలో సుమారు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలుంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు.

ఇవి చేసే పని విచిత్రమైనది. పండుగకు ఇల్లు దులిపేటప్పుడు మన ఆడవాళ్ళు ఏం చేస్తారు? గదిలోని సామానంతా ముందు వాకిట్లో పెడతారు. తర్వాత పనికివచ్చేది ఏరి మళ్ళీ లోపల సర్దుతారు. చెత్త మిగిలిపోతుంది. నెఫ్రాన్ పని కూడా అంతే. రక్తంలోని నీటినీ, ఉప్పునూ, చక్కెరనూ, మలినాలనూ ముందు బయటికి వడగడుతుంది. ఆ తర్వాత కావలసిన నీరు, చక్కెర, ఉప్పు లెక్క ప్రకారం వెనక్కు తీసుకొంటుంది. ఇలా రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రంగా పంపుతుంది. రక్తకణాలనూ, మాంసకృత్తులనూ మొదటే జల్లెడ దాటనివ్వదు.

ఇంతటితో దాని పని అయిపోలేదు. రక్తపోటును అదుపు చేయడంలో గుర్దాలకు పెద్ద పాత్ర ఉన్నది. ఎముకల మజ్జలో ఎర్రకణాలు తయారుకావాలంటే గుర్దాల నుంచి కబురు వెళ్ళాలి. విటమిన్ 'డి' పనికివచ్చే రూపానికి మారేది కూడా అక్కడే. అందుకే గుర్దాలు చెడిన మనిషికి రక్తం తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి, బీపీ పెరుగుతుంది. చెడింది ఒకచోట, బాధ ఒళ్ళంతా.

ఇక అసలు సంగతికి వస్తాను. గుర్దాలను చెరిపే శత్రువులలో మొదటిది షుగరు, రెండవది బీపీ. చక్కెర ఎక్కువైన రక్తం ఏళ్ళ తరబడి ప్రవహిస్తే ఆ సన్నని జల్లెడలు పాడవుతాయి. బీపీ ఎక్కువైతే ఆ సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి. ఒకసారి పోయిన నెఫ్రాన్ మళ్ళీ పుట్టదు. మిగిలినవి దాని పని కూడా మీద వేసుకొని చేస్తాయి. మంచి ఉమ్మడి కుటుంబంలో ఒకరు పడిపోతే మిగతావాళ్ళు భారం మోసినట్టు. అదే మనల్ని మోసం చేస్తుంది! సగం శక్తి పోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్ళవాపు, ఆయాసం, వాంతులు కనిపించేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

పూర్వం మన హకీములు నబ్జ్ చూసేవారు, ఖారూరా చూసేవారు. గాజుబుడ్డిలో మూత్రం పట్టించి రంగు, నురుగు గమనించేవారు. ఇబ్నె సీనా తన వైద్యగ్రంథంలో దీనికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. ఈనాటి ల్యాబులో చేసే మూత్రపరీక్ష ఆ ఖారూరాకు మనుమరాలే అనుకోండి. కంటికి కనిపించనిది ఇది చూస్తుంది. జల్లెడ పాడవడం మొదలైతే అల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారుతుంది. ఆ దశలోనే పట్టుకొంటే మందులతో, పథ్యంతో గుర్దాలను చాలా ఏళ్ళు కాపాడుకోవచ్చు.

రెండవది రక్తంలో క్రియాటినిన్ పరీక్ష. ఇందులో ఒక మెలిక ఉన్నది. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. కండ తక్కువగా ఉన్న బక్కపలచని ముసలితల్లికి గుర్దాలు కొంత చెడినా కాగితం మీద అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వయస్సు, స్త్రీయా పురుషుడా అన్నది లెక్కలోకి తీసుకొని కట్టే 'ఈజీఎఫ్ఆర్' అంకె ఎంతో డాక్టరుగారిని అడగండి. అది మూడు నెలలకు పైగా 60 కి తక్కువగానే ఉంటే గుర్దాల జబ్బు ఉన్నట్టే. 15 కంటే తగ్గితే డయాలసిస్ దాకా వెళ్ళవలసి రావచ్చు.

డయాలసిస్ అంటే తెలుసు కదా. హాలెండు దేశపు డాక్టర్ విలెమ్ కోల్ఫ్ 1943 లో, ఆ దేశం జర్మన్ సైన్యాల ఆక్రమణలో ఉండగా, సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకు చుట్టి కృత్రిమ మూత్రపిండం తయారుచేశాడు. 1945 లో 67 ఏళ్ళ ఒక స్త్రీ ఆ యంత్రం వల్ల కోలుకొన్నది. నేడు యంత్రాలు ఎంతో మెరుగైనవి. ప్రభుత్వ పథకాల కింద పేదలకు ఉచితంగా కూడా చేస్తున్నారు. కాని వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. రోజుకూలి చేసుకొనేవాడికి వారంలో మూడు రోజుల కూలి పోయినట్టే. తోడు వచ్చే మనిషి కూలి కూడా పోతుంది. వైద్యం ఉచితమైనా జబ్బు ఉచితం కాదు!

మన రాష్ట్రంలోనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని చూడండి. కొబ్బరితోటలు, జీడితోటలతో కళకళలాడే నేల. అక్కడ షుగరు, బీపీ లేని రైతుకూలీలకు కూడా ఎందరికో గుర్దాలు చెడుతున్నవి. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 లో పలాసలో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమైనవి. వారి జబ్బుకు కారణమే దొరకలేదు. మనలో చాలామందికి కారణం తెలుసు, మందు తెలుసు, పరీక్ష తెలుసు. అయినా చేయించుకోం. ఇది ఎంతవరకు న్యాయం?

ఇప్పుడు ఇంట్లో మనం చేయగలిగినవి చెబుతాను.

ఒకటి, ఉప్పు. రోజుకు మనిషికి అన్నీ కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించరాదు. సాలనులో వేసింది కాక పచ్చడి, అప్పడం, ఎండుచేప, మిక్చరు ఇవన్నీ ఉప్పు మూటలే.

రెండు, నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పి అనగానే మందులషాపు అబ్బాయిని అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి నెలల తరబడి మింగుతున్నాం. ఇవి గుర్దాలకు రక్తప్రసారం తగ్గిస్తాయి. డాక్టరు చెప్పనిదే వాడవద్దు. ఏమి కలిపారో తెలియని భస్మాలు, పొడులు కూడా అంతే.

మూడు, నీళ్ళు. ఆరోగ్యవంతుడు దాహాన్ని బట్టి, ఎండను బట్టి తాగాలి. కాని గుర్దాలు బాగా చెడినవారికి ఎక్కువ నీళ్ళే ప్రమాదం. కొబ్బరినీళ్ళు, ఖర్జూరాలు మంచివే అయినా వాటిలో పొటాషియం ఎక్కువ. అది బయటికి పోకపోతే గుండెకే ముప్పు. కాబట్టి పక్కింటివారి సలహా కాదు, డాక్టరు సలహా పాటించాలి.

నాలుగు, రంజాన్ ఉపవాసాలు. ఇన్సులిన్ వాడేవారు, గుర్దాల జబ్బున్నవారు నెల రెండు నెలలు ముందే డాక్టరును కలవాలి. రోగికి సడలింపు ఉన్నదని మనకందరికీ తెలిసిందే. తెలిసి కూడా మొండికేసి సెహ్రీలో మందు మానేయడం, ఇఫ్తార్‌లో పకోడీల మీద పడడం మంచిది కాదు.

అయిదు, ఆడపిల్లల విషయం. ఇది ఉపాధ్యాయుడిగా రోజూ చూస్తున్నది. మరుగుదొడ్డి శుభ్రంగా లేదని పిల్లలు పొద్దుట నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగరు, మూత్రం ఆపుకొంటారు. దీనివల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మాటిమాటికీ వస్తే అది గుర్దాల దాకా పోవచ్చు. బడికి రంగులు వేయించే దాతలకు నా మనవి ఒక్కటే. ముందు నీళ్ళున్న మరుగుదొడ్డి కట్టించండి.

చివరగా కొంచెం కటువైన మాట ఒకటి చెబుతాను, పెద్దలు మన్నించాలి. మన దేశంలో బ్రతికి ఉండగా గుర్దా దానం చేసేవారిలో స్త్రీలే ఎక్కువ. అమర్పించుకొనేవారిలో పురుషులే ఎక్కువ. తల్లి ఇస్తుంది, భార్య ఇస్తుంది, ఆపా ఇస్తుంది. వారి త్యాగానికి జోహార్లు. కాని అదే తల్లికి కాళ్ళు వాచితే "వయసు మీద పడింది" అంటాం. అలసటగా ఉన్నదంటే "ఇంటిపని కదా" అంటాం. ఆమెను పరీక్షకు తీసుకుపోయినవారు మనలో ఎందరు? గుర్దాకు నోరు లేదు, సరే. నోరున్న అమ్మ కూడా నోరు మెదపకపోతే అడగవలసిన బాధ్యత కొడుకులది కాదా?

పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద మూడు నెలలకొకసారి సంతకం చేస్తున్నాం. అలాగే ప్రతి ఇంట్లో ఒక ఆరోగ్య కార్డు పెట్టండి. అందులో నాలుగే గళ్ళు: బీపీ, షుగరు, మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్. నలభై దాటినవారికి, షుగరు బీపీ ఉన్నవారికి, వంశంలో ఈ జబ్బు ఉన్నవారికి ఏడాదికొకసారి రాయండి. ఈ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రులలో జరుగుతాయి. బయట చేయించినా పెద్ద ఖర్చు కాదు. కార్డులో మొదటి పేరు ఇంటి యజమానిది కాకుండా అమ్మది రాయండి. వచ్చే వార్షిక సభకు ప్రతి కుటుంబమూ ఆ కార్డు నింపి తేవాలని మన సంఘం నిర్ణయిస్తే, ఒక్క ఇంట్లోనైనా ఒక దీపం ఆరిపోకుండా కాపాడినవారమవుతాం.