జ్వరం ఒకేలా ఉన్నా మందు ఒకటి కాదు



వానలు పడి పొలం గట్ల మీద, ఇళ్ల వెనక పొదలు గుబురెక్కాయంటే మన తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులకు రెండు జ్వరాలు జంటగా వస్తాయి. ఒకటి డెంగీ, రెండోది స్క్రబ్ టైఫస్. రెండింటిలోనూ ఒళ్లు కాలిపోతుంది, తల పగిలిపోతుంది, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. కానీ డెంగీకి కారణం వైరస్, పగటిపూట కుట్టే ఏడిస్ దోమ దాన్ని మోసుకొస్తుంది. స్క్రబ్ టైఫస్‌కు కారణం బ్యాక్టీరియా. గడ్డిలో, పొదల్లో ఉండే చిగ్గర్ అనే అతి చిన్న పురుగు కుడితే అది ఒంట్లోకి చేరుతుంది.

ఈ రెండు క్రిములూ మన కణాల్లోనే పెరుగుతాయి. మరి తేడా ఎక్కడుంది? నగరి, పుత్తూరు నేతన్నలకు మగ్గం గురించి నేను చెప్పక్కర్లేదు. బ్యాక్టీరియా సొంత మగ్గంతో వస్తుంది, తనకు కావలసిన ప్రొటీన్లు తానే నేసుకుంటుంది. వైరస్ చేతిలో ఉండేది డిజైన్ కాగితం మాత్రమే. మన కణంలోని మగ్గం మీదే తన లాంటి వైరస్‌లను నేయించుకుంటుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మగ్గాన్ని ఆపేస్తుంది. వైరస్‌కు ఆపడానికి సొంత మగ్గమే లేదు. అందుకే యాంటీబయాటిక్ డెంగీ మీద పనిచేయదు.

డాక్సీసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, ఆ బృందంలోని బెంజమిన్ డుగ్గర్ దాన్ని కనుగొన్నారు. 1948లో అది లోకానికి వెల్లడైంది. డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే. స్క్రబ్ టైఫస్‌కు సకాలంలో ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతినవచ్చు.

డెంగీని నేరుగా నయం చేసే మందు లేదు. ద్రవాలు, విశ్రాంతి, పారాసిటమాల్, వైద్యుల పర్యవేక్షణ, ఇవే ప్రాణం కాపాడతాయి. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

జ్వరం వచ్చినవారి చంకలు, గజ్జలు, నడుము, మోకాళ్ల వెనక చూడండి. నల్లగా చెక్కుకట్టిన, నొప్పిలేని పుండు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ గుర్తు కావచ్చు, వైద్యుడికి చూపించండి. అది అందరిలో కనిపించదు, కాబట్టి లేదని ధైర్యపడకండి. పొదల్లో పనికి వెళితే నిండు బట్టలు వేసుకోండి, రాగానే స్నానం చేసి బట్టలు ఉతకండి. డెంగీ దోమ పెరగకుండా ఇంట్లో నీళ్లు నిలవ ఉంచకండి.

మందుల షాపులో మీ అంతట మీరు యాంటీబయాటిక్ అడగకండి. జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించుకోండి. ఏ జ్వరమో తేలితే సరైన చికిత్స దొరుకుతుంది.