బస్సు కూడ సభయే

(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము స్త్రీవిద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుఁడని కోరిరి. ఈ విషయముపై మన మహాసభలయందు ఏటేట నెవరో యొకరు మాటలాడుచునే యున్నారు. స్త్రీపూజనుగూర్చిన మనుస్మృతి శ్లోకమును చదివి, కరతాళధ్వనులనడుమ వేదిక దిగిపోవుచునే యున్నారు. ముప్పదియేండ్లకుఁ బైగా బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పిన మాకును ఆ శ్లోకము కంఠస్థమే. అయినను నేఁడు దానిని చదువము. చదువుకొనుటకు బిడ్డ యిల్లు కదలవలయును గదా! ఆ బిడ్డ పోవు త్రోవనుగూర్చియే చెప్పఁదలఁచితిమి. ఉదయము దుత్తలూరు సెంటరులో బస్సెక్కిన మన బాలిక సాయంకాలము మరల అచ్చటనే దిగువఱకు ఆ బస్సులో నేమేమి సహించుచున్నదో మన మెన్నఁడైన నడిగితిమా?

మన మెట్టప్రాంతమువారి కందఱకును బస్సే దిక్కు. ఉదయగిరికిఁ బోవలయునన్నను, ఆత్మకూరు మీఁదుగ నెల్లూరు చేరవలయునన్నను, వింజమూరు మీఁదుగఁ గావలికిఁ బోవలయునన్నను బస్సు కొఱకే నిలుచుందుము. ఏటేట నర్రవాడ వెంగమాంబ పేరంటాలి బ్రహ్మోత్సవములకు వచ్చు స్త్రీజనములో నెక్కువమంది బస్సులలోనే వత్తురు. 2025 ఆగస్టు 15వ తేదినుండి మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకముచేఁ బల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కలిగినది. బస్సు ఖర్చు లేదని పిల్లను కళాశాల మాన్పించుటకు ఇఁక సాకు లేదు. కాని మఱియొక సాకు మిగిలియున్నది. "ఎందుకొచ్చిన గొడవ, ఇంట నుండుమనుఁడు" అనునదే యది.

ఆ గొడవ యేమో స్పష్టముగఁ జెప్పుదము. రద్దీ నెపమునఁ బైఁబడుట, తాఁకరాని చోటఁ దాఁకుట, వెనుకసీటునుండి చేయి చాఁచుట, వినరాని మాట చెవిదగ్గఱ ననుట, చాటుగ సెల్‌ఫోనుతో ఫోటో తీయుట, ఆమె దిగిన చోటనే దిగి వెంటనంటుట — ఇవి దాని రూపములు. చేయువాఁడు ముక్కు మొగ మెఱుఁగనివాఁడు. చేసి, యేమియు నెఱుఁగనట్లు కిటికీలోనుండి కొండలఁ జూచుచుండును. స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయమని బస్సులోపల వ్రాసియే యుండును. ఆ వ్రాఁత క్రిందనే యీ పని జరుగును.

ఇతరులఁ జెప్పుటకు ముందు మా సంగతి చెప్పుకొనుట న్యాయము. సుమారు పదునెనిమిదేండ్ల క్రిందటి మాట. మే మొకనాఁటి సాయంకాలము ఆత్మకూరునుండి దుత్తలూరు వచ్చుచుంటిమి. బస్సు నిండియున్నది. పుస్తకముల సంచి గుండెల కదుముకొని యొక బాలిక మా సీటునకు ముందు నిలుచుండెను. ఆమె వెనుక నొక యువకుఁడు. బస్సు కుదిపినను కుదుపకున్నను వాఁడామెపైకి ఒరుగుచుండెను. ఆమె ముందునకు జరిగెను, వాఁడును జరిగెను. మూఁడవసారి ఆమె మావైపు చూచెను. పంచెకట్టు, కండ్లద్దములు చూచి, ఈయన పంతులై యుండునని తలఁచినది కాఁబోలు.

ఆ బాలికకు వాఁ డపరిచితుఁడు. మాకుఁ గాఁడు. వాఁడు మన కులమువాఁడే. మా యొద్ద నెనిమిదవ తరగతి చదివినవాఁడు. వాని తండ్రి మాకు మిత్రుఁడు. మేము చేతనున్న వార్తాపత్రికను విప్పి మొగమున కడ్డముగఁ బట్టుకొంటిమి. ఆ పుటలో నేమి యుండెనో నేఁటికిని మాకుఁ దెలియదు. ఆ బాలిక తన యూరికింక రెండు మైళ్లుండఁగనే దిగి, చీఁకటిలో నడచిపోయెను. ఆమె యెవరి బిడ్డయో పిదపఁ దెలిసినది. మఱునెలలో నామె చదువు మానినదనియు వింటిమి. కారణ మెవరును చెప్పలేదు. అడుగుటకు మాకు నోరు రాలేదు.

ఆ రాత్రినుండి మహాభారతములోని సభాపర్వము మాకు వేఱువిధముగఁ దోఁచుచున్నది. ద్రౌపది సభలో నడిగిన ప్రశ్నకుఁ బెద్దలు తేల్చి చెప్పలేకపోయిరి. కౌరవులలో వికర్ణుఁ డొక్కఁడు లేచి పలికెను. అప్పుడు విదురుఁడు ప్రహ్లాదుని కథ చెప్పి, కశ్యపుఁడు చేసిన పాపవిభాగమును వినిపించెను. నిందింపఁదగిన పనిని నిందింపని సభయందు ఆ పాపములో సగము సభకుఁ బెద్దయైనవానికిఁ జేరును, పాతిక చేసినవానికి, తక్కిన పాతిక చూచి యూరకుండిన సభ్యులకు. నిందించినచోఁ బెద్దయు సభ్యులును విముక్తులగుదురు. పాపమంతయుఁ జేసినవానిదే యగును. మేము బడిలో నీ ఘట్టమును ఎన్నిమాఱులో చెప్పితిమి. చెప్పినవారమే బస్సులో మా పాతికను మూట కట్టుకొంటిమి.

నలుగురు కూడిన చోటెల్ల సభయే. బస్సు కూడ సభయే. ఆ సభకు పెద్ద కండక్టరు, అతనితోడి డ్రైవరు. సభ్యులు ప్రయాణికులు. ఈ మాట మా కల్పన గాదు. సుప్రీముకోర్టు 2012 నవంబరు 30వ తేదిని సముత్తిరము అనువాని వ్యాజ్యములో నిట్టి యభిప్రాయమునే యాజ్ఞగ నిచ్చినది. 1999లో తమిళనాటి తెన్కాశి బస్సుస్టాండు దగ్గఱ రాత్రివేళ భర్తతోఁ గూడ బస్సు కొఱకు వేచియున్న యొక యిల్లాలితో నొక పోలీసు ఉద్యోగియే యసభ్యముగఁ బ్రవర్తించిన యభియోగము దానికి మూలము. ఆ తీర్పున న్యాయమూర్తులు దేశమునకంతకు కొన్ని కట్టడులు చేసిరి. బస్సులో నిట్టిది జరిగి బాధితురాలు చెప్పినచో, సిబ్బంది బస్సును సమీపపు పోలీసుస్టేషనునకుఁ గొనిపోయి తెలుపవలయును. అట్లు చేయనిచో ఆ బండి పర్మిటు రద్దు కావలయును. చూచిన దారినిఁబోవువారును పోలీసులకుఁ దెలుపవలయును. పెద్దకు సగము, సభ్యులకుఁ బాతిక యను లెక్క యిందును గానవచ్చుచున్నది గదా!

ఆ తీర్పు వెలువడిన పదునాఱవనాఁడు, 2012 డిసెంబరు 16వ తేది రాత్రి, ఢిల్లీనగరమున నడచుచున్న బస్సులో జరిగిన ఘోరమును మీరందఱు నెఱుఁగుదురు. జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరి 23న నివేదిక యిచ్చినది. ఆ యేఁటనే చట్టము కఠినమైనది. 2024 జూలై 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో నా నియమము లున్నవి. స్త్రీ మర్యాదకు భంగము చేయునుద్దేశముతో బలప్రయోగము చేసినవానికి 74వ సెక్షనుక్రింద ఒకటినుండి ఐదేండ్లవఱకుఁ గారాగారము. ఇష్టములేని లైంగికస్పర్శకు 75వ సెక్షనుక్రింద మూఁడేండ్లవఱకు. అట్టి యసభ్యపు మాటకు ఏఁడాదివఱకు. వెంటాడి వేధించుటకు 78వ సెక్షనుక్రింద మొదటిసారి మూఁడేండ్లవఱకు, మరలఁ జేసినచో ఐదేండ్లవఱకు. పదునెనిమిదేండ్లు నిండని బాలబాలికల నిద్దఱను 2012నాఁటి పోక్సో చట్టము కాపాడుచున్నది; మగపిల్లలకును ఈ బాధ యున్నదని మఱవకుఁడు. ఫిర్యాదును ఏ పోలీసుస్టేషనునందైన నీయవచ్చును. "అది మా హద్దు కాదు" అని త్రిప్పి పంపరాదు. ఇట్టి నేరములయందు స్త్రీ చెప్పినదానిని స్త్రీ యుద్యోగియే వ్రాసికొనవలయును.

ఇఁక మా కుమార్తెలతో రెండు మాటలు. అమ్మలారా! పైఁబడినవాఁడు రద్దీవలనఁ బడెనో, కావలయునని పడెనో తెలియనప్పుడు, గట్టిగ "కొంచెము జరగండి" అనుఁడు. మంచివాఁడు సిగ్గుపడి జరుగును. జరుగనివాఁడు తన్నుఁ దాను తెలుపుకొనును. అప్పుడు నలుగురు వినునట్లు "నల్లచొక్కా ఆయనా, చెయ్యి తియ్యి" అని గుఱుతు చెప్పి పలుకుఁడు. ఇట్టివానికి చీఁకటియు నిశ్శబ్దమును బలము. పదిమంది తలలు తిరిగినచో వాని బలము పోవును. వెంటనే కండక్టరునకుఁ జెప్పుఁడు. బస్సు నంబరు, సమయము వ్రాసికొనుఁడు. టిక్కెట్టు పాఱవేయకుఁడు. 112కు ఫోను చేయుఁడు. స్త్రీల సహాయమునకు 181 కూడ నున్నది. ఒక వేళ ఆ క్షణమున గొంతు పెగలకున్నచో మిమ్ము మీరు నిందించుకొనకుఁడు. భయమునఁ గాళ్లు చేతులు కొయ్యబాఱుట శరీరస్వభావము. అది సమ్మతి గాదు. ఇంటికి వచ్చి చెప్పినను, మఱునాఁడు చెప్పినను ఆ మాటకు విలువ తగ్గదు.

ప్రయాణికులగు పెద్దలకు మా మనవి వేఱు. ఆ బాలిక నోరు తెఱచువఱకు వేచియుండకుఁడు. "అమ్మా, ఇట్లు రా, ఇచ్చటఁ గూర్చుండుము" అని మీ సీటు నీయుఁడు. లేచి యిరువురి నడుమ నిలువుఁడు. ఆమె తోడ ఊరును చదువును అడిగి మాటలాడుఁడు. ఇంతమాత్రమునకు ధైర్యము గూడ నక్కఱలేదు. వానిపైఁ జేయి చేసికొనకుఁడు. కొట్టినచోఁ గథ మాఱి, వాఁడు బాధితుఁడై కూర్చుండును. కండక్టరును బిలువుఁడు, మీ పేరు, ఊరు ఆమెకుఁ జెప్పి, "సాక్ష్యమునకు మేము వత్తుము" అనుఁడు. ఆ యొక్కమాట ఆమెకు వేయి యేనుఁగుల బలము.

ఇల్లును సభయే, దానికి పెద్ద తండ్రి. బిడ్డ వచ్చి యిట్లు జరిగినదని చెప్పినప్పుడు మనము మొదట నేమి యడుగుచున్నాము? "నీ వెందుకు అచ్చట నిలుచుంటివి? ఏమి కట్టుకొంటివి? ఇంకెవరికైనఁ జెప్పితివా?" ఇవి దొంగను వదలి, సొమ్ము పోయినవానిని విచారించు ప్రశ్నలు. తరువాతి వారము ఆమె కళాశాల మాన్పింతుము. ఆ పైమాసము సంబంధములు చూతుము. తప్పు చేసినవాఁడు మఱునాఁడును అదే బస్సెక్కును. శిక్ష మన బిడ్డకుఁ బడును. బిడ్డ చెప్పిన మాటను నమ్ముట, చెప్పినందుకు మెచ్చుకొనుట, మఱునాఁడు తోడ బస్సుదాఁక నడచుట — తండ్రి చేయఁదగిన పనులు ఈ మూఁడే.

కులసంఘముగ మనము వినవలసిన కఠినమైన మాట యింకొకటి కలదు. ఇట్టి సంగతి తెలిసినప్పుడు మన నోట వచ్చు తొలి ప్రశ్న "వాఁ డెవరివాఁడు?" అనునది. వాఁడు పరులవాఁడైనచోఁ గఱ్ఱలు వెదకుదుము. మనవాఁడైనచో "కుఱ్ఱతనము, పోనిండు" అని తండ్రిని బిలిచి లోలోపల సర్దుదుము. రెండును అధర్మమే. మేము వార్తాపత్రిక నడ్డము పెట్టుకొనుటకుఁ గారణము భయము గాదు, వాఁడు మనవాఁడగుటయే. మనవాఁడని మనము కాచిన ప్రతివాఁడును వేఱొక యింటి బిడ్డకు అపరిచితుఁడై యెదురగును. కనుక మన మగపిల్లలకుఁ జెప్పుటయే మన మొదటి రక్షణ.

నలుగురు కలిసి పలికిన నేమగునో మన జిల్లాయే చూపినది. 1990 దాఁటినతరువాత అక్షరాస్యతోద్యమమున రాత్రిబడులకు వచ్చిన స్త్రీలు తమ బ్రదుకుల బాధను పాఠములోఁ జూచుకొనిరి. దూబగుంటలో రోశమ్మ మొదలగువారు సారాయంగడిపై లేచిరి. అంతకుముందు ఒక్కొక్క యింటిలో నొక్కొక్కతె తిన్న దెబ్బలు అందఱ దెబ్బలైనవి. 1993 అక్టోబరు 1వ తేదినుండి రాష్ట్రమున సారా నిషేధింపఁబడినది. ఆ స్త్రీలు పండితులు గారు. అప్పుడే యక్షరములు దిద్దినవారు. వారు చేయఁగలిగిన పనిలో బస్సులోఁ గేక వేయుట యెన్నవవంతు?

కావున ఈ మహాసభ ముందు మూఁడు ప్రార్థనలు. ఈ కారణమున మన యిండ్లలో నే బాలికయు చదువు మానకుండునట్లు సంఘము పూనుకొనవలయును. కళాశాలల వేళలకు బస్సులు పెంచుఁడని ఉదయగిరి, ఆత్మకూరు డిపోలవారికి మన మహాసభ పక్షమున విన్నపము పంపవలయును. రద్దీ తగ్గినచో నెపము తగ్గును. ఇట్టి పని చేసినవాఁడు మనవాఁడైనను సంఘ మతనికిఁ బూఁచీ పడదని నేఁడే తీర్మానింపవలయును. మూఁడవది కష్టమైనది, కాని మొదటి రెండును దానిపైననే నిలుచును.

ఆ బాలిక కిప్పుడు నడివయసు దగ్గఱపడియుండును. ఆమె ఈ సభలో నున్నదో లేదో మే మెఱుఁగము. ఉన్నచో ఆమెకు మా మాట యిది: అమ్మా, నాఁడు నీవు మావైపు చూచితివి, మేము చూచితిమి గాని లేవలేదు. తప్పు నీది గాదు. అందులో మా భాగము మాది. దానిని నేఁ డీ సభలో నొప్పుకొనుచున్నాము.