తలకట్టు దిద్దుకున్న తెలుగు
(సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన పది నిమిషాల్లో తెలుగు అక్షరం అందం గురించి నాలుగు ముక్కలు చెబుతాను. శుభలేఖ మీదా, పుస్తకం అట్ట మీదా తెలుగు అక్షరం వయ్యారంగా నిలబడిందంటే ఆ గొప్పలో పెద్ద వాటా బాపు గారిది. ముళ్ళపూడి వారి బుడుగుకి రూపమిచ్చిన చెయ్యే మన అక్షరానికీ ఒక నడక నేర్పింది. 2014లో ఆయన వెళ్ళిపోయారు. ఇక తెలుగు రాతకి దిక్కెవరని దిగులు పడేవారికి ఆ తరవాత జరిగిన పని చూపించాలని నా కోరిక.

ముందు కష్టం ఏమిటో చెప్పాలి. ఇంగ్లీషు ఫాంటుకి చిన్నా పెద్దా కలిపి 52 అక్షరాలు గీస్తే చాలావరకు పని అయిపోతుంది. మనకి అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, అవి కలిసినప్పుడు మారే రూపాలు అన్నీ గీయాలి. వందల లెక్క. ఒక్క 'స్త్రీ' రాయడానికే పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, క్రావడి కావాలి. వరుసల మధ్య చోటు చాలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

ఈ కష్టానికి ఓర్చినవారిలో గుత్తుల పురుషోత్ కుమార్ గారొకరు. ఆయన గీసిన అనేక ఫాంట్లను మన ప్రవాస సంస్థే అయిన సిలికానాంధ్ర ఉచితంగా అందించింది. అవి గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉన్నాయి. సిలికానాంధ్ర అందించిన ఫాంట్ల పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. భువనవిజయం మళ్ళీ కొలువు తీరినట్టు లేదూ! గిడుగు, గురజాడ, సురవరం కూడా ఉన్నారు. 'మండలి' ఫాంటుది 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరు.

2022లో ముంబైకి చెందిన ఏక్ టైప్ బృందం 'అనేక్' తెచ్చింది. తెలుగుతో సహా తొమ్మిది భారతీయ లిపులు, ఇంగ్లీషు లిపి అన్నీ ఒకే కుటుంబంగా గీశారు. అక్షరాన్ని సన్నంగా, లావుగా, ఇరుకుగా, వెడల్పుగా కావలసినట్టు మార్చుకోవచ్చు. రెండు భాషల ఆహ్వానపత్రంలో ఇంగ్లీషు దర్జాగానూ, తెలుగు అరువు చొక్కా తొడుక్కున్నట్టూ ఉండనక్కరలేదు.

ఇదంతా సోకు కోసమా అని అడగవచ్చు. ఇక్కడ పుట్టిన మన పిల్లలు తెలుగు లిపిని ఎక్కువగా చూసేది ఇలాంటి సభల బ్యానర్ల మీదే. అక్కడ మన అక్షరం నలిగిపోయి కనిపిస్తే, ఏది గౌరవమైన లిపో వాళ్ళకి మనమే నేర్పినట్టు.

ఇంకో ప్రమాదం ఉంది. పాత డీటీపీ ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు ముసుగు వేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే అర్థంలేని గీతలు కనిపిస్తాయి. తాతగారు సావనీరుకి రాసిన వ్యాసం కోసం రేపు మనవరాలు వెతికితే, ఆయన పేరు కూడా దొరకదు. తెలుగుకి యూనికోడులో 1991లోనే చోటు దొరికింది. దాన్ని వాడుకోవడమే మనవంతు.

కార్యవర్గాలకు నా మనవి మూడు మాటలు. సావనీరు యూనికోడులో కూర్చండి. ఫాంటు గీసినవారి పేరు, బొమ్మ వేసినవారి పేరు రచయిత పేరుతో పాటు అచ్చు వేయండి. వారికి శాలువాతో పాటు పారితోషికం కూడా ఇవ్వండి.