కాదన్నోళ్లు కాగితం మీద కాదనాలె

(విద్యార్థుల సదస్సులో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగం)



క్యాంపస్‌ల సభ పెట్టుకోవాలంటే రూల్స్ ఉండొద్దని నేననను. పరీక్షలప్పుడు మైకు పెడితే లైబ్రరీల చదువుకునే పేదింటి పిల్లగానికే నష్టం. హాలు ఒక్కటి, అడిగేటోళ్లు పదిమంది. బుకింగ్ ఉండాల్సిందే. నా పేచీ వేరే.

మా చదువు రోజుల్ల ఒక కాలేజీల సదస్సుకు పదిహేను రోజుల ముందే దరఖాస్తు పెట్టినం. రోజూ తిరిగినం. ‘సార్ లేడు’, ‘ఫైలు పైకి పోయింది’. తెల్లారితే సభ అనంగ నోటిమాటతోని కాదన్నరు. కాగితం అడిగితే నవ్విండ్రు. కాగితమే లేకపోతే కోర్టుకు ఏం పట్టుకపోవాలె?

1972ల హిమత్‌లాల్ షా కేసుల సుప్రీంకోర్టు ఏం చెప్పింది? వీధుల్ల సభలకు నియంత్రణ పెట్టొచ్చు గని, ఏ మార్గదర్శకం లేకుండ అనుమతిని అధికారి ఇష్టానికి వదిలేసే రూలు చెల్లదన్నది. అది పోలీసు రూలు, క్యాంపస్ హాలుకు అతకదని వకీళ్లంటరు. ఒప్పుకుంట. న్యాయం మాత్రం ఒక్కటే గదా!

2009ల ఆర్ట్స్ కాలేజీ ముంగట నినాదాలిచ్చినోళ్లం. 2014ల రాష్ట్రమొచ్చింది. 2022 మేల రాహుల్ గాంధీ కార్యక్రమానికి ఉస్మానియా కాదన్నది, రాజకీయ సభలొద్దన్న పాత తీర్మానం చూపెట్టి. 2025 మార్చిల డిపార్టుమెంట్లల, ఆఫీసులల ధర్నాలు, నినాదాలు వద్దని సర్క్యులర్ తీసింది. నడుమ సర్కారు మారింది, బుద్ధి మారలే.

అందుకే అడుగుతున్న. దరఖాస్తు అందినట్టు తారీఖేసి ముద్ర కొట్టియ్యాలె. వారంల జవాబియ్యాలె. కాదంటే కారణం రాసి సంతకం పెట్టాలె. అప్పీలు ఎవరికి చేసుకోవాల్నో చెప్పాలె. ఈ మాటలతోనే రిజిస్ట్రారుకు వినతిపత్రం తయారుచేసినం. బయట బల్ల మీదున్నది, సంతకాలు చేసి పోండ్రి.